సున్నం చుక్క పెట్టిన సొరకాయ

ఆ రోజుల్లో కొత్త కోడలికి తెలియని విషయమంటూ ఉండేది కాదు, కనీసం నేనైతే అలాగే అనుకునేదాన్ని. కట్టంగూరులో మా బాపుకు బావి కింద తోట ఉండేది. అందుకే పెళ్లయి ఆలేరు వచ్చాక, అత్తగారింట బండలు పరిచిన వాకిట్లో పగిలిన కుండలు, చిల్లుపడిన బకెట్లు, గ్యాస్‌నూనె డబ్బాలు వరసగా చూసి, ఇదేనా వీళ్ల తోట అని లోలోపల నవ్వుకున్నాను. (మా తోటలో నేను చేసిన పనల్లా గంపలో ఇంటికొచ్చిన కూరలు తినడమేనన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.) నెల తిరగకుండానే ఆ నవ్వు ఆగిపోయింది. మెడ విరిగిన కూజాలో పుదీనా, డబ్బాలో గుత్తులు గుత్తులుగా మిరపకాయలు, గోలెంలోంచి పెంకుల కప్పు మీదికి పాకిన సొరతీగ! ఇంత మట్టి, బియ్యం కడిగిన నీళ్లు, కూరల తొక్కు తప్ప మా అత్తమ్మ వాటికి పెట్టిందేమీ లేదు. పొద్దున్నే ఆ కుండల ముందు నిలబడితే ఒళ్లు పులకరించేది. పైకి మాత్రం ఒప్పుకోలేదు, పుట్టింటి పరువు అడ్డొచ్చింది.

అత్తమ్మ వాళ్ల చెల్లెలి ఊరికి వెళ్లిన రోజే బాపు చెప్పాపెట్టకుండా దిగాడు. ఇంట్లో కూర లేదు. కాపు అయిపోయి తీగ ఎండుతోంది, కప్పు మీద మిగిలింది ఒకే ఒక్క పెద్ద కాయ, దాని మీద సున్నం చుక్క. దిష్టి తగలకుండా పెట్టిందనుకున్నాను. కూతురి కాపురం చూడవచ్చిన తండ్రికి పుదీనా పచ్చడితో అన్నం పెట్టడమా? కోశాను. కత్తిపీటకు లొంగలేదు. రోకలితో పగలగొట్టాను. గింజలూ పీచూ తీసి, అత్తమ్మ చేసినట్టే కుండకింత వేసి మట్టి కప్పాను. ముక్కలు ఉడికీ ఉడికీ కట్టెలు అయిపోయాయి గానీ మెత్తబడలేదు. బాపు చాలాసేపు నమిలాడు.

"జర గట్టిగున్నది గని, మంచిగనే ఉంది బిడ్డా," అన్నాడు. (నా జీవితంలో ఆయన ఆడిన ఒకే ఒక్క అబద్ధం అదే.)

మర్నాడు అత్తమ్మ వచ్చీ రాగానే కప్పు వైపు చూసింది.

"కాయేది పిల్లా?"

చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, గోలెం పక్కన కూలబడింది.

"గది ఇత్తనపు కాయ బిడ్డా. గందుకే చుక్క పెట్టిన. పెండ్లయి వచ్చిననాడు మా అవ్వ నా కొంగున కట్టిన ఇత్తనం. మల్ల ఏడ దొరుకుతది?"

గింజలు కుండల్లో వేశానని ఏడుస్తూ చెప్పాను. "పీచుతోని ఏసినవా? కుళ్లిపోతయేమో," అంది. ఆ పూట అన్నం ముట్టలేదు. తల్లి గుర్తుగా ఆమెకు మిగిలింది అదొక్కటే, దాన్ని నేను కూర చేసి పెట్టాను. ఆ వారమంతా పొద్దునా సాయంత్రం ఇద్దరం కుండలకు నీళ్లు పోశాం.

ఒక పొద్దున "పిల్లా, ఇటు రా!" అన్న కేక విని పరుగెత్తాను. పుదీనా మధ్యలో, మిరప మొదట్లో, బకెట్లో, డబ్బాలో, ఎక్కడ చూస్తే అక్కడ సొర మొలకలు. గింజ తొక్కులు టోపీల్లా నెత్తిన పెట్టుకుని మరీ లేచాయి. నా తెలివితక్కువతనాన్ని కూడా పిడికెడు మట్టి ఇంత పచ్చగా మార్చగలదా అని అలాగే చూస్తూ నిలబడిపోయాను.

అత్తమ్మ వాడకట్టంతా ఇంటికొక మొలక పంచింది. ఆ ఏడు మా వీధిలో ప్రతి కప్పు మీదా ఆమె తల్లి సొరకాయే.

"నేనైతే ఏటా ఒక్కటే పాదు పెడుతుంటి. నీ అసుంటి కోడలు రాకపోతే ఇన్నిండ్లకు ఎట్ల పోతుండె?" అంది. మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేలలేదు.

ఇప్పుడు నా తోట డాబా మీద, పాత రంగు డబ్బాల్లో. మొన్న మా కొత్త కోడలు సొరకాయ మీది సున్నం చుక్క చూసి, "దిష్టి చుక్కనా అత్తమ్మా?" అంది. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. జవాబు తర్వాత చెప్పొచ్చులే అని, ముందు వెళ్లి కత్తిపీట దాచాను.