అరచేతికి తెలిసిన వదులు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సూరత్‌లో, ఖటోదరాలో నాది బండ్లు బాగుచేసే షెడ్డు. రాజన్నది మా కరీంనగర్ వైపే. పాత పికప్‌లో మిల్లు బట్ట తోలేవాడు. స్టీరింగ్ వదులుగా ఉందని వస్తే, బండి కిందికి తొంగి కూడా చూడకుండా నలుగురిలో వేళాకోళం చేశాను. నడపడం రానివాడికి స్టీరింగ్ మీదే అనుమానమన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకెంత బాగుందో!

నెల తిరక్కుండా మళ్లీ వచ్చాడు. ఈసారి అతన్ని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ అటూ ఇటూ ఆడించమని, నేను కిందికి దూరి, ముందు చక్రాన్ని తిప్పే టై రాడ్ చివరి కీలు మీద అరచెయ్యి పెట్టాను. టక్కుమని తగిలింది. కీలు పూర్తిగా అరిగిపోయింది, మార్చాల్సిందే. మారిస్తే అతను చెప్పిందే నిజమని ఆ నలుగురికీ తెలిసిపోదూ? ఉస్తాద్ అని పిలిపించుకునే నేను తల దించుకోవాలా? ఛీ, ఇంతకీ అదేనా కారణం? అదే. ఇంకేమీ లేదు. స్టీరింగ్ డబ్బా మీది స్క్రూ బిగించాను. పైన పట్టుకున్నవాడికి వదులు తెలియకుండా పోయింది. కింద కీలు అలాగే ఉంది.

వారానికే కామ్‌రేజ్ దగ్గర బండి రోడ్డు దిగి బోల్తా కొట్టింది. రాజన్నకు గీతలే. పక్కన కూర్చున్న అతని తమ్ముడికి మోకాలి దాకా కాలు తీసేశారు. మరమగ్గాల దగ్గర నిలబడి చేసే పని, అదీ పోయింది.

ఆసుపత్రి వరండాలో రాజన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"తమ్మీ, జర నిజం జెప్పు. స్టీరింగ్ మంచిగనే ఉండెనా?"

"మంచిగనే ఉండె అన్నా. నీకే కునుకు వట్టి ఉంటది."

"గట్లనేనేమో. నా తమ్ముని కాలు నేనే తీసిన."

కాదనలేదు నేను. పైగా ఆ బండిని తుక్కుకు తోలించిందీ నేనే, అతను చూస్తే బాధపడతాడని చెప్పి.

అప్పటి నుంచి రాజన్న స్టీరింగ్ పట్టలేదు. మిల్లు గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. తమ్ముడికి ఎదురుగా కూర్చుని అన్నం తినడట. మంచి మెకానిక్ కావాలని ఎవరైనా అడిగితే నా షెడ్డే చూపిస్తాడు. చెప్పేద్దామని ఎన్నిసార్లు వాళ్లింటికి వెళ్లి, చాయ్ తాగి తిరిగొచ్చానో. పేరు పోతుందనా? తమ్ముడు ఊతకర్ర అందుకోవడం చూడలేకనా? ఏ సాకు చెప్పుకున్నా నేను పిరికివాణ్ణే.

రాజన్న నిద్రపోలేదు. కీలు ఊడింది. అది ఊడుతుందని నాకు తెలుసు. ఈ మూడు ముక్కలు రాసేసరికి గుండె కాస్త తేలికైంది. సిగ్గులేని గుండె! తేలిక పడాల్సింది రాజన్నది కదా. అతనికింకా చెప్పలేదు.