సూర్యాస్తమయం చూపించే ఖల్ఫాన్

ఖల్ఫాన్‌కు టూరిస్టులంటే పరమ అసహ్యం. వాళ్ళను జీపులో ఎక్కించుకుని ఊరు చూపించడమే అతని బతుకుతెరువు, అది వేరే సంగతి. మేడల కింద మెడలు నొప్పెట్టేలా పైకి చూస్తారు. బయట మాడు పగిలే ఎండైతే, కృత్రిమంగా మంచు కురిపించే హాల్లోకి దూరి, అద్దె కోట్లు తొడుక్కుని వణుకుతారు. సాయంత్రం ఇసుక దిబ్బ మీద ఫోటోలు దిగుతారు. ఆ మాత్రానికే ఊరంతా నమిలి మింగేసినట్టు కబుర్లు!

ఆ రోజు ముందు సీట్లో కూర్చున్న ఒకావిడ, తగుదునమ్మా అని ఫోన్లో చూస్తూ ఊరి చరిత్ర అతనికే చదివి వినిపించింది.

"యాభై ఏళ్ళ కిందట ఇక్కడ ఒట్టి ఇసకేనట! తెలుసా మీకు?"

"అలాగా మేడం! అప్పటికే పుట్టాను గానీ, ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు."

వెటకారం ఆవిడకు తగల్లేదు. "చూశారా, ఇక్కడివాళ్ళకే తెలీదు," అని వెనక్కి తిరిగి అందరికీ చెప్పింది. ఖల్ఫాన్‌కు ఒళ్ళు మండిపోయింది.

నిజానికి పొద్దున్నుంచీ అతని మనసు మనసులో లేదు. వీళ్ళు ఫోటోలు దిగే దిబ్బకు అవతల, పల్లంలో, పాత గోరీల నేల ఉంది. తల్లిని పెట్టింది అక్కడే. దాన్ని చదును చేసి కార్లు నిలిపే చోటు కట్టాలని కార్పొరేషన్ వాళ్ళ ఆలోచన. రేపు ఉదయం వచ్చి చూస్తారు. ఎవరి గోరీ ఎక్కడో అయినవాళ్ళు చూపిస్తే కంచె వేసి వదిలేస్తారు, లేదంటే యంత్రాలు దింపుతారు. అక్క మౌజా పొద్దున్నే ఫోన్ చేసి ప్రాణం తీసింది.

"ఒరే ఖల్ఫాన్, తెల్లారేసరికి అక్కడుండాలి. ఆలస్యం చేశావో, నా సంగతి తెలుసుగా."

"ఉంటానక్కా! ఎన్నిసార్లు చెబుతావు?"

"ఎన్నిసార్లయినా చెబుతాను. అమ్మను మట్టి చేసిన రోజు ఆడదాన్నని నన్ను ఇంట్లోనే ఉంచారు కదరా. నాన్న కూడా పోయాక, అమ్మ ఎక్కడుందో నీకు తప్ప ఎవరికి తెలుసు?"

నిజమే. వాళ్ళ ఆచారంలో గోరీ మీద పేరు రాయరు, ఏమీ కట్టరు. తలవైపు ఒక రాయి, కాళ్ళవైపు ఒక రాయి. ఎంతటివాడికైనా అంతే.

దిబ్బ దగ్గర జీపు దిగుతూ, గడ్డి టోపీ పెట్టుకున్న టూరిస్టు పెద్దాయన ఒకడు అడిగాడు. "అవతల ఏముంది బాబూ? అటు వెళ్ళొచ్చా?"

అసలు సంగతి ఖల్ఫాన్ నోటిదాకా వచ్చింది. ఈ మొహాలకా మా అమ్మ సంగతి చెప్పేది, చెబితే దాంతోనూ ఫోటో దిగుతారు, అనుకున్నాడు.

"అటు చూడ్డానికేం లేదు. సూర్యుడు ఇటే," అనేసి, పొద్దు గుంకగానే జీపు పక్కన చాప పరుచుకుని నమాజుకు నిలబడ్డాడు.

నమాజు ముగించి పైకెక్కితే దిబ్బ మీద ఒక్కరూ లేరు. కింద పల్లంలోంచి నవ్వులు. నేల మీది రాళ్ళన్నీ ఏరి, ఒకదాని మీద ఒకటి బొమ్మ గోపురాల్లా పేర్చారు!

"ఖల్ఫాన్, రండి! మీరూ ఒకటి పేర్చండి, అదృష్టం కలిసొస్తుందట!" అని ఆవిడ చెయ్యి ఊపింది.

ఒక గోపురం కొసన తెల్లటి పగడపు రాయి ఉంది. భార్య తలవైపు పెట్టాలని తండ్రి సముద్రపు ఒడ్డు నుంచి మోసుకొచ్చిన రాయి అది. ఖల్ఫాన్ పరుగున దిగి దాన్ని లాక్కున్నాడు.

"ఇది ఎక్కడ తీశారు? ఎక్కడ?"

"ఇక్కడే ఎక్కడో... గుర్తులేదు," అంది ఆవిడ బిక్కమొహంతో. నేలంతా చెప్పుల అడుగులే.

"ఇవి గోరీలు! మా అమ్మ ఉందిక్కడ! కళ్ళు దొబ్బాయా మీకు? రాళ్ళు అంత వరసగా వాటంతటవే మొలుస్తాయా?"

అందరి మొహాలూ పాలిపోయాయి. పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"వెళ్ళొచ్చా అని నిన్నే అడిగాను కదయ్యా. ఒక్క మాట చెప్పుంటే ఇటు కాలు పెట్టేవాళ్ళమా?"

ఖల్ఫాన్ వంగి నేలంతా వెతకసాగాడు. రాయిని ఒకచోట దించబోయి, కాదనిపించి లేచాడు. ఇంకోచోట వంగాడు. అదీ కాదు. చీకటి పడుతోంది. ముసలి ఖల్ఫాన్ రాయిని గుండెకు పట్టుకుని, అంతమంది టూరిస్టుల ముందే పైకి అడిగేశాడు.

"ఎక్కడున్నావమ్మా?"