రోజూ పొదుగు చూసుకోండి

పదవీ విరమణకు మూడేళ్లు ఉందనగా, ఒక జూన్‌లో నన్ను మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్లకు పశువైద్యాధికారిగా వేశారు. సర్వీసంతా గేదెలతో, మేకలతో గడిచినవాణ్ణి. రావల్కోల్‌లో ఒక రైతు దగ్గర చూడిగుర్రం ఉందని తెలిసి, పాత పుస్తకాల దుమ్ము దులిపి మరీ వెళ్లాను.

ఆ రైతు పేరు యాదిరెడ్డి. చుట్టూ భూములు ప్లాట్లయిపోయినా రెండెకరాల్లో గడ్డి పెంచుతూ, సుక్క అనే ఒక్క ఆడగుర్రాన్ని సాకుతున్నాడు. మూడేళ్లకొకసారే దాన్ని మగగుర్రం దగ్గరికి తీసుకెళతాడు. పుట్టబోయే పిల్ల ఎవరింటికి వెళ్లాలో ముందే తేల్చుకుంటాడు. సాకలేకపోతే తిరిగి తనకే ఇవ్వాలని మాట తీసుకుంటాడు. ఊళ్లో కొందరు పిచ్చోడన్నారు. నాకు మాత్రం మొదటి రోజే గౌరవం కలిగింది.

గుర్రం దాదాపు పదకొండు నెలలు మోస్తుంది. ఈనే రోజు కచ్చితంగా చెప్పలేం. పొదుగు నిండడం, చనుమొనల మీద మైనం లాంటి బొట్లు కట్టడం గుర్తులు. అందుకే చివరి నెలలో వెళ్లి, "రోజూ పొదుగు చూసుకోండి" అని యాదిరెడ్డికీ, వాళ్లమ్మ నర్సమ్మకూ గట్టిగా చెప్పి వచ్చాను.

మూడు వారాల తర్వాత తెల్లవారి ఆరింటికి ఫోన్. సుక్క అప్పుడే ఈనింది. నేను చేరేసరికి పిల్ల లేచి పాలు కుడుస్తోంది, మాయ పడింది. అలవాటు కొద్దీ చనుమొన పిండి చూశాను. జున్నుపాలు వేళ్లకు అంటుకోవాలి. ఇవి నీళ్లలా జారిపోయాయి. గుర్రప్పిల్లకు రోగాన్ని తట్టుకునే శక్తి కడుపులో రాదు, ఆ తొలిపాలతోనే వస్తుంది; అవి కూడా తొలి గంటల్లో తాగితేనే ఒంటబడతాయి. లేకపోతే పిల్ల దక్కడం కష్టమని చెప్పాను.

ముందే ఎవరైనా పిండారా అని అడిగాను. నర్సమ్మ కొంగు నలుపుతూ చెప్పింది: "మీరే జూసుకోమంటిరి గద సారూ. పొదుగు రాయి లెక్క గట్టిపడె. బర్రెకు జేసినట్టే మూడు దినాలు పిండిన."

నిండు పొదుగుతో గేదె అవస్థ పడుతుంటే ఈనకముందే కాస్త పిండడం ఆమెకు అలవాటు. నేను గమనించమన్నాను, ఆమె బాగోగులు చూసుకుంది. రెంటికీ ఒకటే మాట. తప్పు నాదే, సిగ్గేసింది.

ఆ పాలేం చేశారని అడగడానికి భయపడుతూనే అడిగాను.

"జున్నుకు పనికిరావాయె, పారబోయ మనసొప్పలే. డబ్బాలల్ల పోసి ఫ్రిజ్‌ల ఐసు గట్టేకాడ పెట్టిన."

మూడు స్టీలు డబ్బాల నిండా పసుప్పచ్చటి గడ్డలు. ఆమె పొయ్యి వెలిగించబోతే ఆపాను; కాస్తే పాలలోని ఆ శక్తి పోతుంది. గోరువెచ్చని నీళ్లలో డబ్బాలు పెట్టి కరిగించి, గంటకోసారి సీసాతో ఆమె చేతే పట్టించాను. మరునాడు పిల్ల రక్తం తీసి పరీక్షకు పంపాను. ఫలితం వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. సరిపడా శక్తి చేరిందని తెలిసి యాదిరెడ్డికి ఫోన్ చేశాను. ఆయన "అమ్మకు మీరే జెప్పుండ్రి సారూ" అని ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

ఆ పిల్ల ఇప్పుడు శామీర్‌పేటలో, ముందే మాటిచ్చిన ఇంట్లో పెరుగుతోంది. మిగిలిన సర్వీసులో నేనెవరికీ ఏదీ "చూసుకోండి" అని చెప్పలేదు. "చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లతో చూడండి" అనేవాణ్ణి. విన్నవాళ్లు నవ్వేవారు, కానీ పొదుగు జోలికి పోలేదు.