వదిన చేతిలో పట్టకారు

ఆ వీధిలో అందరూ ఆమెను సమ్మెటక్క అనేవారు. పదిహేడో ఏట తండ్రి కొలిమి దగ్గర సమ్మెట ఎత్తింది, నలభై దాటినా దించలేదు. లారీల బరువు మోసే ఉక్కు పట్టీలు విరిగితే కాల్చి, సాగదీసి, వంచి ఇచ్చే దుకాణం వాళ్ళది. తండ్రి పోయాక, ఇనుము పెట్టి కొట్టే దాగలి ముందు అన్న కూర్చున్నాడు. ఎర్రగా కాలిన పట్టీని ఎడమచేత్తో పట్టకారుతో పట్టుకుని, కుడిచేతిలోని చిన్న సుత్తితో ఒకచోట తట్టి చెయ్యి వెనక్కి తీసేవాడు. సరిగ్గా అక్కడే ఆమె సమ్మెట దిగేది. తట్టు, దెబ్బ. తట్టు, దెబ్బ. ఐదు కిలోల ఇనుము తన వేళ్ళకు జానెడు దూరంలో పడుతుంటే అన్న రెప్ప కూడా ఆర్పేవాడు కాదు.

తాగుడు ఆమెకు మొగుడు నేర్పాడు. ఒళ్ళునొప్పులకు మంచిదని మొదలుపెట్టించి, నొప్పుల్నీ సీసాల్నీ ఆమెకే వదిలేసి ఇంకొకామెతో వెళ్ళిపోయాడు. తాగితే ఆమెకు నోటికన్నా ముందు చెయ్యి లేచేది. ఒకసారి ఇంట్లోవాళ్ళు ఎంతకీ తలుపు తియ్యడంలేదని సమ్మెటతో పగలగొట్టింది. లోపల గడియే పెట్టలేదని తర్వాత తెలిసింది. అన్న సర్దిచెప్పబోతే అతని చొక్కా చింపి, చెవి వాచేలా కొట్టింది. "ఆడపడుచు అర్ధమొగుడంటారు. మా ఇంట్లో అర్ధమొగుడే తాగొచ్చి కొడుతుంది, అసలు మొగుడు పాపం బంగారం" అని వదిన వీధంతా చెప్పుకునేది. చివరికి ఒక మధ్యాహ్నం తూలి, చేతిని మోచెయ్యి దాకా కొలిమిలో పెట్టింది. కాలిన చర్మం గుడ్డకు అంటుకుని ఊడివచ్చిన రోజు మానేసింది.

మూడేళ్ళ రెండు నెలలు చుక్క ముట్టలేదు. మొదట్లో వదిన కుక్కతోక వంకర అంటూ ఉండేది. మూడో ఏడు వచ్చేసరికి ఆ మాట మానేసింది. అంతకన్నా పెద్ద పొగడ్త వదిన దగ్గర లేదు.

అంతా ఒక పన్ను దగ్గర చెడింది. దవడ పన్ను మూడురోజులు సలిపింది. సమ్మెట దిగిన ప్రతిసారీ ఆ అదురు పంటి వేరులోకి వెళ్ళేది. పక్క దుకాణం వడ్రంగి జాలిపడ్డాడు.

"పుక్కిలించి ఉమ్మెయ్యక్కా. మందు కదా, మందులాగే వాడు."

తన సీసాలోంచే గ్లాసులో కాస్త పోసిచ్చాడు. ఆమె నోట్లో పోసుకుంది. నొప్పి నిజంగానే మొద్దుబారింది. ఉమ్మడానికి కాలవ దాకా నడిచింది, ఆరడుగులు. అంచున నిలబడి తల వంచింది. గొంతు దానంతటదే తెరుచుకుంది.

మర్నాడు పన్ను పీకించుకుంది. పుండు మానాలిగా అని మళ్ళీ పుక్కిలించింది. నాలుగురోజులు అలా తనకు తానే వైద్యం చేసుకుంది. వాసన రాకుండా వక్కలు నమిలింది. ఐదోరోజు పొద్దున పదకొండింటికి అన్న మందపాటి పట్టీని దాగలి మీద పెట్టి, చిన్న సుత్తితో తట్టాడు. ఆమె భుజాలు ఆ చెయ్యి వెనక్కి వెళ్ళేదాకా ఆగలేదు.

ఉక్కు మీద సమ్మెట పడితే మోగుతుంది. ఈసారి మోగలేదు. అన్న అరవలేదు కూడా. నోరు తెరిచి తన చేతిని చూసుకున్నాడు. మూడు వేళ్ళు కాలిన పట్టీకి అతుక్కుని చిటపటలాడాయి. ఆ వాసన ఆమెకు తెలుసు, తన మోచేతి వాసన. ఎదురు దుకాణంవాళ్ళు వచ్చి అతన్ని ఎత్తుకెళ్ళేదాకా ఆమె సమ్మెట పట్టుకుని అలాగే నిలబడింది. ఆసుపత్రిలో రెండు వేళ్ళు పూర్తిగా, మూడోది సగం తీసేశారు.

సాయంత్రం వదిన ఆసుపత్రి నుంచి సూటిగా దుకాణానికి వచ్చింది. గోడకు వేలాడుతున్న పాత తోలు బెల్టు తీసి ముఖం మీద కొట్టింది. మెడ మీద కొట్టింది. ఆమె కదలకుండా తింది. నాలుగో దెబ్బకు మాత్రం, తనకు తెలియకుండానే, చెయ్యి లేచింది. ఆమె వదిన మణికట్టును మెలిపెట్టి తోసింది. వదిన పాత ఇనుము గుట్ట మీద పడి, నుదురు చీలి, కళ్ళలోకి రక్తం కారుతుండగా లేచి కూర్చుంది.

"ఇనుముతో కలిస్తే నిప్పుకి కూడా సమ్మెట పోట్లు తప్పవంటారు. ఇరవయ్యేళ్ళ కింద ఈ ఇనుములోకి వచ్చి పడ్డాను. కానియ్యి, నన్ను కూడా కొట్టెయ్. ఒక పనైపోతుంది."

ఆమె వదిన ముందు కూర్చుంది. తనను బొగ్గులగదిలో పెట్టి తాళం వెయ్యమంది. అడిగినా, తిట్టినా, చస్తానన్నా తియ్యొద్దంది.

వదిన ముందు డాక్టరును కలిసి తాగుడు మానితే వచ్చే వణుకుకు మాత్రలు తెచ్చింది, తర్వాతే తాళం వేసింది. రెండోరోజుకు ఆమెకు గోడల మీద పురుగులు పాకడం కనబడింది. వాటిని చంపడానికి పిడికిళ్ళు చితికేదాకా గోడను గుద్దింది. మూడోరోజు తలుపుకేసి తల బాదుకుంది. నాలుగోరోజు అన్నం పెట్టబోయిన వదిన ముంజేతిని పళ్ళు దిగేలా కొరికింది. వదిన రెండోచేత్తో చెంపమీద ఒక్కటిచ్చి విడిపించుకుంది. పక్కగదిలో కూర్చుని గాయానికి తానే కట్టుకట్టుకుంది. రాత్రి అన్నం వేళకు మళ్ళీ తాళం తీసింది. ఎనిమిదిరోజులూ అలాగే గడిచాయి.

బయటికొచ్చినప్పుడు ఆమె పిండేసిన గుడ్డలా ఉంది. అన్న కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని వసారాలో కూర్చుని ఉండేవాడు. ఆమె ఎదురైతే తల పక్కకు తిప్పుకునేవాడు. తిట్టినా బాగుండేది. కొలిమి చల్లారిపోయి ఉంది. చేతులకు పనిలేదు. పనిలేని చేతులు వేరే పని వెతుక్కుంటాయని ఆమెకు తెలుసు.

బయటికొచ్చిన ఇరవయ్యోరోజున అన్న మాత్రలు తేవడానికి వెళ్ళింది. మందులషాపు పక్కనే మందుషాపు కూడా ఉంది. మాత్రలు సంచిలో వేసుకుంది. పక్క మెట్లు కూడా ఎక్కింది. చిన్నసీసా కొని గోడవారన నిలబడే సగం తాగేసింది. మిగతాది సంచిలో పెట్టుకుని వస్తుంటే, చేతిలో సంచినీ నడకనూ చూసి వడ్రంగి తన దుకాణంలోంచి నవ్వాడు.

"ఏంటక్కా, మళ్ళీ పన్నా?"

ఆమె లోపలికెళ్ళి అతని జుట్టు పట్టుకుని, చిత్రిక పట్టే బల్లకేసి ముఖాన్ని బాదింది. మొదటి దెబ్బకే ముక్కు పగిలింది. ఆమె రెండోది కొట్టింది, మూడోది కొట్టింది. అతని తమ్ముడు చెక్క తీసుకుని ఆమె పక్కటెముకల మీద రెండుసార్లు వాయించాడు. ఆమె తిరిగి ఆ చెక్కనే లాక్కుంది. నలుగురు మనుషులు పట్టి బోర్లా కింద పడేసి, మీద మోకాళ్ళు పెట్టారు. సంచి ఎక్కడో పడి సీసా పగిలింది.

ఎవరో చెప్పగా వదిన వచ్చింది. జనం పక్కకు తప్పుకున్నారు. ఈసారి ఈడ్చుకెళ్తుందనే అందరూ అనుకున్నారు. వదిన ఆమె వంక చూడలేదు.

"మీ అన్న మాత్రలేవి?"

మాత్రలు రంపపుపొట్టులో, గాజుముక్కల మధ్య, మనుషుల కాళ్ళకింద నలిగి పడి ఉన్నాయి. వదిన చతికిలబడి ఒక్కొక్కటీ ఏరి, ఊది, కొంగులో వేసుకోసాగింది. గాజు గుచ్చుకున్నా ఆగలేదు. ఆమె తన మీది మోకాళ్ళను నెట్టుకుని పాక్కుంటూ వచ్చి, తానూ ఏరడం మొదలుపెట్టింది. ముక్కులోంచి కారే రక్తం మాత్రల మీద పడకుండా ముఖం పక్కకు పెట్టి ఏరింది. ఏరుతూనే ఏడ్చింది. తాగుడు మొదలైనప్పటి నుంచి ఆమె ఏడవడం అదే మొదటిసారని వదిన తర్వాత ఎవరితోనో అందట.

పక్కటెముక అతుక్కోవడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా ఆమె వదిన పక్కనే పడుకుంది, వదిన వెనకే తిరిగింది. వడ్రంగి దగ్గరికి కూడా వదినతోనే వెళ్ళి తలవంచుకు నిలబడింది. అతను, ముక్కుమీది కట్టులోంచి, తను వైద్యం మానేశానన్నాడు.

తర్వాతి సోమవారం వదిన కొలిమి రాజేసి, మొగుడి పీటమీద కూర్చుంది. పట్టకారు ఎడమచేత, చిన్న సుత్తి కుడిచేత పట్టింది.

"సమ్మెట తియ్యి."

"వద్దు వదినా. నా చేతుల్ని నమ్మొద్దు."

"నమ్ముతున్నానని ఎవరన్నారు? బయట లారీ నిలబడి ఉంది. ఇంకొకణ్ణి తెస్తే వాడు తాగాడో లేదో నాకేం తెలుస్తుంది? నీదైతే వాసన తెలుసు. ఏదీ, ఊదు."

ఆమె వంగి ఊదింది. వదిన వాసన చూసి, పట్టీని దాగలి మీద పెట్టింది. చిన్న సుత్తితో తట్టింది. సమ్మెట పైకి లేచి అక్కడే ఆగిపోయింది. కిందనున్న ఆ చెయ్యి మీద తను కొరికిన పళ్ళ గుర్తులు ఇంకా నల్లగా ఉన్నాయి. ఇనుము చల్లారుతోంది. కళ్ళు మూసుకుని దించింది. దెబ్బ పక్కకు పోయి దాగలి అంచు విరిగింది. ఆ ముక్క ఎగిరి వదిన చెంప కోసింది.

వదిన పట్టకారు వదల్లేదు.

"చెయ్యి వణికింది."

"భయమేసింది వదినా. తాగి కాదు."

"తెలుసు. కళ్ళు తెరిచి కొట్టు."

ఆ పట్టీ సాయంత్రానికి పూర్తయింది. వంకరగా వచ్చింది. రెండోది కొంచెం నయం. వారం తర్వాత అన్న వచ్చి కొలిమికి గాలి కొట్టే చక్రం దగ్గర కూర్చున్నాడు. ఎడమచేత్తో తిప్పుతూ, ఇనుము రంగు చూసి "ఇంకా" అనో "ఇప్పుడు" అనో అంటాడు. వదినకు ఎక్కడ తట్టాలో చెబుతాడు. చెల్లెలితో అంతకుమించి మాట్లాడడు.

ఇది జరిగి పదినెలలైంది. కోరిక ఇంకా వస్తుంది, ఎక్కువగా పనిలేని మధ్యాహ్నాల్లో. అప్పుడు ఆమె చల్లటి పాత ఇనుము తెచ్చుకుని, ఎందుకూ పనికిరాకపోయినా, అరచేతులు పగిలేదాకా కొడుతుంది. వదిన వారించదు. అరచేతులకు రాసే నూనె గుమ్మంలో పెట్టి వెళ్తుంది. ప్రతి ఉదయం దుకాణం తాళం తీయకముందే ఊదమంటుంది. కొన్ని రోజులు ఆమెకు ఒళ్ళు మండుతుంది. మండుతూనే ఊదుతుంది.

సమ్మెట పైకి లేచినప్పుడల్లా అన్న కుడిచేతిని చంకలో దాచుకుంటాడు. చక్రం దగ్గర, పది అడుగుల దూరంలో కూర్చుని కూడా దాచుకుంటాడు. అలా చేస్తున్నట్టు అతనికే తెలియదు. ఆమెకు ప్రతి దెబ్బకూ కనబడుతుంది. చూస్తుంది, గురి తప్పకుండా దించుతుంది.