గోడకు ఇవతల

“…తింటదా ఏంది నిన్ను? చాయ్ పోస్తది, ఫ్యాన్ కింద కూసోబెడ్తది. ఇంకేం గావాలె నీకు?”

“నన్ను తినదే అమ్మా, నా తలకాయ తింటది! ఫోన్ల సారు ఒకటి చెప్తుంటె ఈమె ఇంకోటి చెప్తది. వాళ్లాయన క్వారీ ముచ్చట ఎన్నిసార్లు ఇనాలె నేను?”

“మెల్లగ మాట్లాడే. ఇనవడ్తది.”

వినబడనే వినబడింది. రెండు పెరళ్ల మధ్య నిలబెట్టిన బండలకు ఇవతల, దండెం మీద తడి చీర ఆరేస్తున్న మార్త చేతులు అలాగే ఆగిపోయాయి. పక్కింటి బుగ్గమ్మ, ఆమె కూతురు వర్షిత లోపలికి వెళ్లి తలుపు వేసుకున్న చప్పుడయ్యాక గాని ఆమె ఆ చీర మడత విప్పలేదు.

మార్తకు యాభై దాటాయి. పెళ్లికి ముందు వికారాబాద్‌లో వకీళ్ల దగ్గర టైపు కొట్టేది. తాండూరు క్వారీలో మేస్త్రీగా చేసే చంద్రకాంత్‌ను కట్టుకుని ఈ ఊరొచ్చింది. పిల్లలు కలగలేదు. ఆయన పోయాక చెల్లెలు జ్యోతిరాణి వికారాబాద్ నుంచి వచ్చి తన దగ్గర ఉండమని బతిమాలింది. “నా పని ఇక్కడుంది గదనే” అని మార్త కదల్లేదు. పని అంటే, రెండు బండల పాలిషింగ్ యూనిట్ల బిల్లులు ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఎక్కించడం. ఆ పని కోసమే నిరుడు బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకుంది.

వర్షిత రావడం కూడా అప్పుడే మొదలైంది. పగలు ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి, సాయంత్రం బ్యాంకు పరీక్షకు ఆన్‌లైన్ క్లాసులు వినే పిల్ల. వాళ్లింట్లో ఫోన్ సిగ్నల్ నిలవదు. “మా ఇంట్ల కూసో బిడ్డా, దానికేముంది” అని పిలిచింది మార్తే. అప్పటినుంచి ఆమె రోజులో సాయంత్రం అనేది ఒకటి ఏర్పడింది. అంతకుముందు చీకటి పడటం ఒక్కటే ఉండేది.

మొన్న వీధి చివర పిడుగు పడి రౌటర్ మాడిపోయింది. వర్షితకు క్లాసులు పోతున్నాయి. చీర ఆరేసి, మొహం కడుక్కుని, చేసంచీ పట్టుకుని మార్త బజారుకు బయలుదేరింది.

కంప్యూటర్ సామాను అమ్మే సందీప్ రెండు రౌటర్ డబ్బాలు తీసి అద్దం మీద పెట్టాడు.

“ఇంట్ల ఎంతమందక్కా?”

మార్త ఒక డబ్బాను దగ్గరికి జరుపుకుంది. “ఇద్దరం.”

“ఇద్దరికైతే గీ చిన్నది సాలు. ఇల్లు పెద్దగుంటె గీ నాలుగు కొమ్ములది దీస్కో. దూరం కొడ్తది. ధర జర ఎక్కువ.”

“గోడ దాటుతదా?”

“ఏం గోడ?”

“మా ఇంటి గోడ, బండలతోని కట్టింది. మూరెడు మందం ఉంటది. అవుతల పక్కిల్లు.”

సందీప్ నవ్వాడు. “మన తాండూరు బండనా! నాలుగు కొమ్ములు గాదు, దున్నపోతు కొమ్ములు వెట్టినా దాటదక్కా. ఇటుక గోడైతె ఏమో గాని.”

ఆ మాటకు మార్త గుండెల్లో ఏదో కుదుటపడింది. కుదుటపడిందని తనకే తెలిసి, అంగట్లో తలెత్తడానికి సిగ్గేసింది. పొద్దున అంత విన్నాక కూడా పిల్ల తనింటికే రావాలని ఆశ! చిన్న డబ్బానే కట్టించుకుంది.

మధ్యాహ్నం బ్రాడ్‌బ్యాండ్ వాళ్ల తరఫున అరుణ్‌కుమార్ వచ్చాడు. “యాడ వెట్టాలె మేడమ్?” అంటే, వర్షిత కూర్చునే కుర్చీకి ఎదురుగా ఉన్న అల్మారా చూపించింది. అతను వైరు గుచ్చి, తన ఫోన్లో ఏవో అంకెలు కొట్టి, ఎర్రలైటు ఆకుపచ్చగా మారేదాకా నిలబడ్డాడు.

“పేరు, పాస్‌వర్డ్ కొత్తయి వెట్టాల్నా?”

“పాతయే ఉండనీ తమ్మీ. గట్లైతె పిల్ల ఫోన్ దానంతటదే అందుకుంటది.”

“మీ బిడ్డనా?”

“పక్కింటోళ్ల బిడ్డ.”

సాయంత్రం వర్షిత వచ్చింది. “వచ్చిందా ఆంటీ నెట్టు? నేను మస్తు పరేషానైన” అని నవ్వుతూ కుర్చీ లాక్కుంది. ఆ నవ్వులో పొద్దుటి పిల్ల ఎక్కడుందో మార్త వెతికింది. కనిపించలేదు. చాయ్ ఇచ్చి, ఇక నోరు విప్పకూడదని గట్టిగా అనుకుని, బిల్లుల ముందు కూర్చుంది.

వర్షిత ఇయర్‌ఫోన్ ఒకటి కుడిచెవిలో పెట్టుకుంది. రెండోది ఎప్పటిలాగే భుజం మీద వేలాడుతోంది. ఫ్యాన్ తిరుగుతోంది. మార్త ఒక బిల్లు ఎక్కించింది, ఇంకొకటి ఎక్కించింది. ఇంతలో దగ్గొచ్చింది.

వెంటనే వర్షిత క్లాసు ఆపింది. “ఏమన్నరా ఆంటీ?”

“ఏమనలేదు బిడ్డా. సదువుకో.”

పిల్ల వేలితో పాఠాన్ని వెనక్కి జరిపి, విన్నదే మళ్లీ వినడం మొదలుపెట్టింది. మరి కాసేపటికి మార్త కుర్చీ కిర్రుమంది. మళ్లీ ఆ వేలు క్లాసు ఆపింది. మళ్లీ వెనక్కి జరిపింది. ఏడాదిగా ఈ పిల్ల ప్రతి పాఠమూ ఇలాగే వింటోందన్నమాట.

“రెండోది పనిచేస్తలేదా?” అని అడిగింది మార్త.

“ఏది ఆంటీ?”

“గా చెవులది. పాడైందనుకున్న ఇన్నొద్దులు.”

వర్షిత భుజం మీది తీగను తడుముకుంది. “లేదాంటీ, మంచిగనే ఉంది. మీరేమన్న చెప్తుంటరు గద… ఇనకపోతె బాగుండదని.”

మార్త తలూపింది. ఎక్కిస్తున్న బిల్లు పూర్తిచేసి, ల్యాప్‌టాప్ మూసేసి, ఫోన్ అందుకుంది.

“అరుణ్‌కుమార్, నేను మార్తను. తాండూరు. ఆఁ, మంచిగ వస్తుంది, ఫికర్ లేదు. రేపు జర ఇంకోపారి రావాలె తమ్మీ. వైరు బయటికెల్లి పక్కింట్లకు గుంజాలె. డబ్బా గూడ అక్కడనే పెట్టాలె. ఇక్కడ వద్దు. నా బిల్లులకా? పిల్ల బడికి పోయినంక ల్యాప్‌టాప్ పట్టుకొని నేనే అక్కడికి పోయి ఎక్కించుకొని వస్త.”