నలుగురికి కలిపిన పులిహోర

మా అమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. ఫోన్ చేస్తే అందరి అమ్మల్లాగా ఏం తిన్నావని అడగదు. "ఎవ్వరితోని తిన్నవ్?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఆమెకు హాస్టల్లోనే అలవాటైంది. పోటీ పరీక్షలకనీ, కంప్యూటర్ కోర్సులకనీ ఊళ్ళ నుంచి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు మొదటి వారం ప్లేటు పట్టుకుని గదిలోకి పోయి తలుపేసుకుంటారు. అమ్మకు అది సుతరామూ గిట్టదు. చేతిలో గరిటె ఉండగానే పోయి తలుపు కొట్టి, పిల్లను హాల్లోకి తీసుకొచ్చి, ఎవరో ఒకరి పక్కన కూర్చోబెడుతుంది. ఒక్కతే తినే పిల్లకు అన్నం ఒంటబట్టదని ఆమె నమ్మకం. చిన్నప్పుడు బడి వదలగానే నేను కూడా మన్సూరాబాద్ నుంచి బస్సెక్కి అక్కడికే పోయేదాన్ని. ఆ అక్కల మధ్య ఇరుక్కుని కూర్చుని తినేదాన్ని. ఒక్కదాన్నే తినడమంటే ఏమిటో జర్మనీకి చదువుకోవడానికి పోయేదాకా నాకు తెలియదు.

అక్కడ మేమున్న స్టూడెంట్ హాస్టల్లో వరండాకంతా ఒకటే వంటగది. ఎవరి వీలును బట్టి వాళ్ళు వండుకుని, గిన్నె పట్టుకుని గదిలోకి పోయి తలుపేసుకుంటారు. వచ్చి తలుపు కొట్టడానికి మా అమ్మ అక్కడ లేదు కదా. నేను మంచం మీద కూర్చుని, లాప్‌టాప్‌లో ఏదో ఒకటి పెట్టుకుని తినేదాన్ని. ఏం పెట్టుకున్నానో చూసేదాన్ని కూడా కాదు, గదిలో ఎవరిదో ఒక గొంతు వినపడితే చాలనిపించేది. అమ్మ అడిగితే మాత్రం దోస్తులతో తిన్నానని చెప్పేదాన్ని.

ఎవరా దోస్తులని అమ్మ ఊరుకుంటుందా? మా వరండాలోనే ఉండే ముగ్గురి గురించి చెప్పాను. కూకట్‌పల్లి అమ్మాయి ఒకతి, పూణే అమ్మాయి ఒకతి, కేరళ అబ్బాయి ఒకడు. ఆ ముగ్గురూ కలిసి వండుకుని కలిసే తింటారు. అందులో అబద్ధం లేదు, నేను వాళ్ళతో లేనన్నదే తప్ప. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చెడ్డవాళ్ళేం కాదు. ఎదురుపడితే నవ్వేవాళ్ళు. వాళ్ళు జోకులేసుకుంటుంటే పొయ్యి దగ్గర నిలబడి నేనూ నవ్వేదాన్ని, సగం అర్థం కాకపోయినా.

ఎండలు మొదలైన రోజుల్లో ఒకనాడు కూకట్‌పల్లి అమ్మాయి నా తలుపు కొట్టింది. ఈ వీకెండ్ ప్రాగ్ వెళ్తున్నాం, నువ్వూ వస్తావా అంది. ఆమె మాట పూర్తికాకముందే వస్తానన్నాను. ప్రాగ్ అంటే పక్క దేశంలో వందల ఏళ్ళ నాటి ఊరు, బస్సులో కొన్ని గంటల దారి. కోట, వంతెన, గడియారం అంటూ ఆమె ఏదో చెప్తోంది. నా బుర్రలో ఒక్కటే తిరుగుతోంది. రెండు రోజులు నలుగురం ఒక్కచోట కూర్చుని తింటాం, అమ్మ అడిగితే ఒక్కసారైనా నిజం చెప్పొచ్చు. అంతే నా ఆశ. నవ్వుకుంటే నవ్వుకోండి.

అమ్మ సంబరం చూడాలి. ప్రయాణమంటే మా ఇంట్లో ముందు సద్ది కట్టాలి. నాన్న డీసీఎం వ్యాన్ నడుపుతాడు, నల్గొండ దాకా పోవాలన్నా సద్దిగిన్నె పక్కన లేకుండా బండి తియ్యడు. పులిహోర కలుపుకొని పొమ్మంది అమ్మ. నిమ్మకాయ వద్దు, చింతపండే పెట్టు, అన్నం పలుకుగా వార్చు, పల్లీలకు కక్కుర్తి పడకు అంటూ ఫోన్లోనే దగ్గరుండి చేయించింది. నలుగురికీ కలిపి, పైన ఇంకో పిడికెడు వెయ్యమంది. ఉన్నవాటిలో పెద్ద డబ్బా తీసి నింపాను.

బస్సు కదిలాక మురిపెంగా మూత తీశాను. కూకట్‌పల్లి అమ్మాయి ఇటు వంగి, ఇక్కడ తెరవకు ప్లీజ్, ఇంగువ వాసన బస్సంతా వచ్చేస్తుంది అని మెల్లగా చెప్పింది. అదీ నిజమే. మూత పెట్టేశాను. కాసేపటికి పూణే అమ్మాయి మాటల్లో మాటగా అసలు సంగతి చెప్పింది. వాళ్ళు తీసుకున్నది నాలుగు మంచాల గదట. రావాల్సిన ఆమెకు జ్వరం వచ్చిందట. మంచం ఖాళీగా పోతుంది కదా, నువ్వొచ్చి మంచి పని చేశావంది. పాపం, మనసులో ఏమీ పెట్టుకోకుండానే అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరి మీద చూపించను? కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆవచేలలాగా పచ్చటి పూల చేలు పోతూనే ఉన్నాయి.

ఊరు బాగుంది, కాదనను. రాళ్ళు పరిచిన గల్లీలు, పొగచూరినట్టున్న బొమ్మలతో పెద్ద రాతి వంతెన, గుట్ట మీద కోట. చౌరస్తాలో పాత గడియారం గంట కొట్టే వేళకు అందరూ ఫోన్లు పైకెత్తుతారు, చిన్న కిటికీల్లోంచి బొమ్మలు తొంగిచూసి పోతాయి. నేనూ ఫోనెత్తాను. పక్కకు తిరిగి చూశావా అనబోతే, మావాళ్ళు ముగ్గురూ నాకు వీపులు పెట్టి సెల్ఫీ దిగుతున్నారు.

మధ్యాహ్నం వాళ్ళకు నచ్చిన హోటల్ దొరికింది. బీరు, పంది మాంసం అక్కడి గొప్పట. ఆ రోజు శనివారం, నేను నీచు ముట్టను. పైగా చేతిలో డబ్బా ఉంది. నువ్వు నీ రైస్ తినేసి రా, మూడింటికి గడియారం దగ్గర కలుద్దాం అన్నారు. సరేనన్నాను.

నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని డబ్బా తెరిచాను. కింద మెట్ల మీద ఎవరో ముగ్గురు, ఒక అమ్మాయి, ఇద్దరు అబ్బాయిలు, నీళ్ళవైపు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే అమ్మ వీడియో కాల్. వెనక హాస్టల్ వంటగది, పసుపు చేతులు.

"ఎవ్వరితోని తింటున్నవ్?"

ఫోన్‌ను మెట్లమీది ముగ్గురివైపు తిప్పాను.

"మరి పెట్టవేందే? ఉత్త చేతులతోని కూసున్నరు పిల్లలు."

ఇంకేం చేస్తాను? మూతలో పులిహోర పెట్టుకుని మెట్లు దిగాను. ఫోన్ చూపించి, మా అమ్మ మీకు పెట్టమంటోందని ఇంగ్లీషులో చెప్పాను. ముగ్గురూ నా మొహం చూశారు, ఫోన్ చూశారు, మళ్ళీ నా మొహం చూశారు. తర్వాత మునివేళ్ళతో కాస్త కాస్త తీసుకున్నారు. ఒకడు ఎండుమిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, మిగతా ఇద్దరూ పడీపడీ నవ్వారు. అమ్మాయి వాళ్ళ భాషలో ఏదో అంది. అమ్మ పసుపు చెయ్యి ఊపింది. మంచిగున్నరు పిల్లలు అంది. ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకుని చూసింది. తర్వాత నన్ను కూడా తినమంది, తాను చూస్తూ కూర్చుంటానంది. తిన్నాను. గండం గడిచిందనుకున్నాను.

ఫోన్ పెట్టేశాక వాళ్ళు మూత నా చేతికిచ్చి, చెయ్యూపి వెళ్ళిపోయారు. అప్పుడొచ్చింది ఏడుపు. అంత పెద్ద ఊళ్ళో, అంత మంది జనంలో, నేను ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే అనిపించింది. బెంచీ మీద కూర్చుని, సిగ్గు లేకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. దారిన పోయేవాళ్ళు చూడనట్టు పోయారు, మర్యాదస్తులు. మూడింటికి గడియారం దగ్గర నిలబడితే, మేం కోట మీదికి వచ్చేశాం, నువ్వు నిదానంగా రా అని మెసేజ్ వచ్చింది. మరునాడంతా వాళ్ళ ఫోటోలు నేనే తీశాను.

ఆ తర్వాత అమ్మ ఆ ప్రశ్న అడగడం మానేసింది. నమ్మింది కాబోలు, పీడా పోయిందనుకున్నాను. కాకపోతే సరిగ్గా నేను మధ్యాహ్నం తినే వేళకే ఫోన్ చేసేది. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, ఎదురుగా కూర్చుని తన ప్లేట్లో తను తినేది. పెద్దగా మాటలేం ఉండేవి కావు. చారులో ఉప్పెక్కువైందనేది, అంతే. ఒక్కోసారి విసుక్కునేదాన్ని కూడా. చదువు అయ్యేదాకా అలాగే నడిచింది.

పోయిన నెల వచ్చేశాను. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమ్మను చూద్దామని హాస్టల్‌కు పోయాను. రొట్టెలు చేయడానికి చంపాపేట్ నుంచి వచ్చే ఆమె నన్ను చూడగానే పీటమీంచే అంది.

"అచ్చినవా తల్లీ. ఇగనన్న మీ అమ్మ యాళ్లకు తింటది."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. హాస్టలంతా తిన్నాక కూడా అమ్మ ప్లేటు ముట్టేది కాదట. ఇక్కడ పొద్దు వాలితే గానీ నాకక్కడ మధ్యాహ్నం కాదు. అప్పటిదాకా అట్లాగే కూర్చునేదట. కడుపులో మంట పట్టుకుని దవాఖానకు పోతే డాక్టర్ తిట్టి పంపినా వినలేదట.

అమ్మ బియ్యం కడుగుతోంది. పోయి పక్కన నిలబడ్డాను. ఆమే తలెత్తకుండా చెప్పింది, మెట్లమీది పిల్లలు నా దోస్తులు కాదని ఆ రోజే తెలిసిందని.

"దోస్తులైతే గిన్నె దిక్కు చూస్తరు. వాళ్లు నీ మొఖం దిక్కు చూసిన్రు."

"మరి గప్పటి సంది ఎవ్వరితోని తిన్నవని ఎందుకు అడగలే?"

కడుగు ఒంపుతున్న చెయ్యి ఆపి, ఇది చదువుకుని వచ్చిందా అన్నట్టు నన్ను చూసింది.

"ఎందుకడుగుత? నాతోనే తింటుంటివి గదా."