శవపేటిక మీద కోడిపిల్ల

పసెన్సియా పేరు ఎత్తితే మా ఊళ్ళో ఎవరైనా ముందు ఆమె వేసే ఎంపనాడా గురించే చెబుతారు. చర్చికి ఎదురుగా, ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాజా మైదానం మూలన, ఏళ్ళ తరబడి అదే బండి, అదే మూకుడు. బియ్యప్పిండి పల్చగా ఒత్తి, పచ్చి బొప్పాయి తురుము, గుడ్డు, పంది మాంసం పెట్టి మడిచి, సలసల కాగే నూనెలో వేస్తుంది. రుచి సరే, ఇక ఆ నోరంటారా, అబ్బో! వరస తప్పి ముందుకొచ్చిన పోలీసాయన చేతిలోంచి ఎంపనాడా లాక్కుని, వెనక నిలబడ్డ కూలీకిచ్చిన మనిషి. ఆ పోలీసు ఇప్పటికీ వరసలో చివర నిలబడతాడు.

మొగుడు తొందరగా పోయాడు. ఉన్నది ఒక్కడే కొడుకు, డియోనెల్. వాడి జ్ఞానస్నానానికి తల్లి స్థానంలో నిలబడ్డది నేను, నా కొడుకు రొడెల్‌కి నిలబడ్డది ఆమె. అందుకే మాది వదినల వరస. దేశానికి ఉత్తరాన మా ఇలోకోస్‌లో పొలం లేని ఇంటి పిల్లలు ఎక్కడికి పోతారు? సైన్యంలోకే. ఇద్దరూ ఒకే ఏడు చేరారు. ఇద్దరినీ దేశానికి ఆ చివరనున్న బసిలన్ దీవికి పంపారు. అడవి, తిరుగుబాటుదార్ల తుపాకులు, రోడ్డు పక్కన పాతిపెట్టిన బాంబులు. ఇన్నేళ్ళు చేశాక ఉత్తరాదికి బదిలీ ఇవ్వాలని రూలు ఉందంటారు. ఉంటే ఏం? చెప్పేవాడుంటే బదిలీ, లేకపోతే అక్కడే.

చెప్పగలిగినవాడు ఒక్కడే, మా ఎంపీ రెస్టిటుటో. ఊరందరికీ రెస్టీ. ప్లాజా అవతల మేడ ఆయనదే. ప్రతి శనివారం పెరట్లో కుర్చీలు వేయిస్తాడు. ఉద్యోగం కావాలన్నవాళ్ళు, ఆసుపత్రి చీటీ కావాలన్నవాళ్ళు, మధ్యలో మేం ఐదుగురు తల్లులం. మా అందరి పిల్లలూ ఆ దీవిలోనే ఉన్నారు. కాళ్ళరిగేలా తిరిగాం. పసెన్సియా ఎప్పుడూ వట్టి చేతులతో వెళ్ళలేదు, వేడివేడి ఎంపనాడాలు అరిటాకులో కట్టి పట్టుకెళ్ళేది.

"ఒక్క ఫోను పని అక్కా. అయిపోయిందనుకో," అనేవాడు తింటూ.

"పోయిన శనివారం కూడా అయిపోయిందనే అనుకున్నాను బాబూ. అనుకుని అనుకుని నాకే అలుపొస్తోంది," అనేది ఈమె.

పకపకా నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్ళం, ఏం చేస్తాం? క్రిస్మస్ విందులో మాత్రం మా ఐదుగురినీ పక్కకి పిలిచి, "మీ పిల్లల విషయం నా మనసులో ఉంది. మంచి సమయం చూసి నా చేత్తో నేనే ఇస్తాను," అన్నాడు. పని నడుస్తోంది కాబోలనుకున్నాం. పిచ్చిమొహాలం!

ఫిబ్రవరిలో డియోనెల్ ఎక్కిన ట్రక్కు కింద బాంబు పేలింది.

శవపేటికతో పాటు వచ్చినవాడు సార్జంట్ అబ్నర్. వాడూ డియోనెల్‌తో కలిసి పనిచేసినవాడే. ఇంటి ముందు దుంగలు పేర్చి నిప్పు రాజేశాం. ఖననం అయ్యేదాకా అది ఆరకూడదు. హాల్లో పేటిక, గాజు కింద కుర్రాడి మొహం. మూలన పేకాట, పళ్ళేల్లో పుచ్చగింజలు, ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడుతున్నారు. పసెన్సియా అబ్నర్‌కి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"మావాడు ఇంటికి రావాలని అనేవాడా నాయనా?"

అబ్నర్ ముద్ద కింద పెట్టేశాడు. "అనడమేంటి అత్తా, సంచీ కూడా సర్దుకున్నాడు. బదిలీ జనవరిలోనే వచ్చింది కదా."

"ఎవరికొచ్చింది?"

"వాడికీ, మీ ఊరివాళ్ళు ఇంకో నలుగురికీ. కాగితాలు మీ ఎంపీ గారి ఆఫీసుకే పంపించారు. మార్చి మీటింగులో స్టేజీ మీద ఆయనే స్వయంగా ఇస్తారట, అందాకా మనుషుల్ని వదలొద్దని వాళ్ళ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఒక్క రెండు నెలలేగా అన్నాడు మా కమాండరు." మా మొహాలు చూసి ఆగిపోయాడు. "మీకు తెలీదా?"

పసెన్సియా ఏడవలేదు. "మళ్ళీ చెప్పు. మా వదినకి సరిగా వినపడలేదు," అంది. నాకు వినపడింది, మహ బాగా వినపడింది. అయినా వాడి చేత రెండుసార్లు చెప్పించింది.

నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నాకు డియోనెల్ గుర్తుకు రాలేదు. నా కొడుకు కాగితం కూడా ఆ ఎంపీ ఆఫీసు సొరుగులోనే ఉందని గుర్తొచ్చింది. మిగతా ముగ్గురు తల్లులకీ అదే గుర్తొచ్చిందని వాళ్ళ మొహాలే చెప్పాయి. ఓట్ల ముందు స్టేజీ మీద బ్యాండు మోగుతుంటే తల్లుల చేత కళ్ళొత్తుకునేలా చేసి ఫోటో దిగడానికి మా పిల్లల్ని బాంబుల మధ్య అట్టేపెట్టాడు, దొంగ సచ్చినోడు. కానీ కాగితాలు ఇంకా వాడి దగ్గరే ఉన్నాయి.

తెల్లారగానే పసెన్సియా మా పెరటి గుమ్మంలో నిలబడింది.

"ఒక కోడిపిల్ల ఇవ్వు వదినా."

ఎందుకో తెలిసిపోయింది. ఎవరినైనా హత్య చేస్తే మా దగ్గర పేటిక మీద బతికున్న కోడిపిల్లని పెడతారు. అది గాజు మీద టకటకా పొడుస్తుంటే, చంపినవాడికి ఎక్కడున్నా లోపల పొడిచినట్టే ఉంటుంది. తిండి సయించదు, కంటి మీద కునుకుండదు.

"రేపు ఎంపీ వస్తున్నాడు," అన్నాను.

"తెలుసు. అందుకే అడిగాను."

"నీకు దణ్ణం పెడతాను వదినా, ఇప్పుడు కాదు. మా కాగితాలు చేతికి రానీ. ఆ తర్వాత కోడిపిల్ల కాదు, పందినే తెచ్చి పెట్టుకుందువు. నీ కొడుకు ఎలాగూ..." అని నాలిక్కరుచుకున్నాను.

"పోయాడు. అను, పరవాలేదు."

"నా కొడుకు ఇంకా అక్కడే ఉన్నాడే!"

"ఎందుకున్నాడో నన్నడుగుతావేం? పోయి వాణ్ణడుగు." అంతే, వెనక్కి తిరిగింది. పెరట్లో పాతిక పిల్లలు తిరుగుతున్నాయి, ఒక్కటి కూడా ఇవ్వలేదు నేను. రొడెల్ అక్కడుండగా ఇంకేం చేయమంటారు?

ఆవిడ ఆగే మనిషా? చర్చి ముందు పిల్లలు ఆడుకోవడానికి రంగులు పూసి అమ్ముతుంటారు కదా, అక్కడినుంచి ఒకటి పట్టుకొచ్చింది. పెళ్ళి మిఠాయిలా గులాబీ రంగు కోడిపిల్ల! దాన్ని కొడుకు మొహానికి పైన గాజు మీద పెట్టింది. పుచ్చగింజలు కొరుకుతున్న ముసలి మార్సింగ్‌కి పొలమారింది.

"ఇదేం పని పసెన్సియా? మీవాడు పోయింది యుద్ధంలో. చంపినవాడు ఎక్కడో దీవిలో అడవిలో ఉన్నాడు. దీని ముక్కు అంత దూరం అందుతుందా?"

"అంత దూరం అక్కర్లేదు బాబాయ్. ప్లాజా దాటితే చాలు," అంది పసెన్సియా.

పేకాట ఆగిపోయింది. ఎవరూ ఆమె వంక చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఎంపీ వచ్చాడు. ముందు ఇద్దరు పూలచక్రం మోసుకొచ్చారు. మనిషెత్తు ఉంది. దానికి అడ్డంగా పట్టీ మీద ఆయన పేరు అరచేయంత అక్షరాలతో రాయించుకున్నాడు. డియోనెల్ పేరు మాత్రం వెతుక్కుంటే కింద దొరుకుతుంది. వెనక ఫోటోలు తీసేవాడు, పీఏ నార్డో. ఏం మొహం పెట్టుకొచ్చాడా అని చూశాను. మంచి మొహమే పెట్టుకొచ్చాడు, కళ్ళు ఎర్రగా కూడా ఉన్నాయి. పసెన్సియా కుర్చీ వేసింది. తన చేత్తో కాఫీ ఇచ్చింది. బిస్కట్లు పెట్టింది.

ఫోటో కోసం పేటిక మీదకి వంగాడు. అప్పుడు కనిపించింది ఆయనకి ఆ గులాబీ రంగు పిల్ల. టక్, టక్, టక్. అలాగే వంగి ఉండిపోయాడు. ఇలోకోస్‌లో పుట్టినవాడికి దాని అర్థం వేరే చెప్పాలా?

"అదేంటక్కా, ఇది..." అన్నాడు. "చంపినవాళ్ళెవరో తెలిసిందా?"

"తెలిసింది బాబూ. వచ్చాడు. కుర్చీ వేసి కాఫీ కూడా ఇచ్చాను."

ఫోటోలు తీసేవాడు కెమెరా దించేశాడు కానీ మా ఊరి పిల్లకాయలు ఊరుకుంటారా, అప్పటికే నాలుగైదు ఫోన్లు పైకి లేచాయి. ఎంపీ చేతిలోని కప్పు కింద పెట్టాడు. ఎంతైనా రాజకీయాల్లో తల పండినవాడు, వెంటనే సర్దుకున్నాడు.

"కడుపుకోత. ఆ బాధలో ఏదో అంటుంది, నేనేమీ అనుకోను," అని మా నలుగురి వైపు తిరిగాడు. ఒక్కొక్కరినీ చూసి చివరికి నా దగ్గర ఆగాడు. చిన్నగా నవ్వాడు. "రొడెల్ ఎలా ఉన్నాడు ఉర్సులక్కా? వాణ్ణి జాగ్రత్తగా చూసుకోవాలి మనం."

ఆ నవ్వు లేకపోతే నేను నోరు మూసుకునేదాన్నే, ఒట్టు. నా కొడుకు పేరు ఆ నోట్లోంచి, ఆ పేటిక పక్కన నిలబడి! వాడి ప్రాణం తన జేబులో ఉందని నాకే గుర్తు చేస్తాడా? నెత్తికెక్కింది నాకు. తింటున్న పళ్ళెంలోంచి నాలుగు మెతుకులు తీసుకుని లేచాను. పేటిక దగ్గరికెళ్ళి గాజు మీద పెట్టాను.

"తిను తల్లీ, బాగా తిను. నీకు బలం కావాలి. చాన్నాళ్ళు పొడవాలి నువ్వు," అన్నాను, ఎంపీ కళ్ళల్లోకే చూస్తూ.

వెనకాల కుర్చీ జరిగింది. ఫెలిసింగ్ వచ్చింది, దాని కొడుకూ ఆ దీవిలోనే. బిస్కట్ నలిపి చల్లింది. తర్వాత మిగతా ఇద్దరూ. ఆ పిల్లకి ఏం తినాలో తెలీక గాజు మీద అటూ ఇటూ పరిగెత్తి పొడుస్తోంది.

శవం ఉన్న ఇంట్లోంచి వెళ్ళేవాళ్ళని గుమ్మం దాకా సాగనంపకూడదని మా ఆచారం. ఆ రోజు అది మాకు బాగా కలిసొచ్చింది. ఎంపీ లేచాడు, నడిచాడు, గుమ్మం దాటాడు. ఒక్కడూ కుర్చీలోంచి కదల్లేదు. చెప్పులు తొడుక్కోవడానికి రెండుసార్లు వంగాడు.

సాయంత్రానికి ఆ వీడియో మనీలా దాకా పాకింది. ఎంపీ ఆఫీసులో ఫోన్లు మోగుతూనే ఉన్నాయట.

ఖననం రోజు పొద్దున్నే పీఏ నార్డో వెనక వైపు నుంచి వచ్చాడు. బ్యాండు లేదు, స్టేజీ లేదు. చంకలో ఖాకీ కవరు. పసెన్సియా చేతిలో పెట్టి, "అందరివీ ఇందులోనే ఉన్నాయమ్మా. ఇచ్చేసి రమ్మన్నారు. ఇక ఆ వీడియో గొడవ మీరు..." అని నీళ్ళు నమిలాడు.

"నీ పేరేంటి బాబూ?"

"నార్డో అమ్మా."

"వెళ్ళిరా నార్డో. తిన్నగా ఇంటికి పోకు, దారిలో ఎక్కడైనా ఆగి వెళ్ళు. చావింటి నుంచి పోతున్నావు."

కవరు విప్పి ఒక్కొక్కటే పేరు చదివి ఇచ్చింది. నాది నా చేతికొచ్చింది. రొడెల్ పేరు, ఉత్తరాది క్యాంపు పేరు. కళ్ళు మసకలు కమ్మాయి, రవికెలో దోపుకున్నాను. నలుగురికీ పంచాక కూడా పసెన్సియా చేతిలో ఒకటి మిగిలింది.

ఐదూ ఇచ్చేశారు, దరిద్రులు. సొరుగులో ఉన్నవన్నీ ఊడ్చి పంపించేశారు, ఒక్కసారి చూసుకోనైనా లేదు. పసెన్సియా దాన్ని చదివింది. కూర్చుంది. అప్పుడు ఏడ్చింది, కొడుకు శవం వచ్చినప్పుడు కూడా ఏడవనిది. ఏడుస్తూనే పేటికకి దూరంగా జరిగింది, కన్నీళ్ళు గాజు మీద పడితే పోయినవాడికి దారి బరువవుతుందని.

"కాల్చిపారెయ్ వదినా," అన్నాను.

"ఎందుకు కాలుస్తాను?" కొంగుతో మొహం తుడుచుకుంది. "గంజి ఉందా?"

గంజి తెచ్చాను. ఎంపీ పంపిన పూలచక్రం దగ్గరికెళ్ళి, అరచేయంత అక్షరాలున్న ఆ పేరు కింద కాగితం అంటించింది. మూలలు బొటనవేలితో గట్టిగా నొక్కింది.

"దీన్ని ముందు పెట్టండి. సిలువ కంటే ముందు," అంది. పాదిరి గారు ఏదో అనబోయి ఆమె మొహం చూసి ఊరుకున్నారు.

పేటిక లేచింది. ముందు పూలచక్రం, వెనక సిలువ, ఆ వెనక డియోనెల్. ఊరంతా నడిచింది. ప్లాజాలో ఎంపీ మీటింగు కోసం అప్పటికే స్టేజీకి వెదుళ్ళు పాతుతున్నారు. పనివాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. ఎదురుగా మేడ, కిటికీలన్నీ మూసి ఉన్నాయి, పై అంతస్తులో ఒక తెర మాత్రం కదిలింది. పసెన్సియా చెయ్యెత్తి అందరినీ ఆపింది.

"చదువు వదినా. నా గొంతు పూడుకుపోయింది. అందరికీ వినపడేలా చదువు."

నా కాగితం రవికెలో గుచ్చుకుంటోంది. నా కొడుకు వస్తాడు. వచ్చాక ఆ మేడ ముందు దణ్ణం పెట్టమని ఎవడైనా అంటే నాలిక కోస్తాను. పూలచక్రం ముందు నిలబడి, ఆ కిటికీ వైపు మొహం పెట్టి, గొంతు చించుకుని చదివాను:

"కార్పొరల్ డియోనెల్‌ని బసిలన్ నుంచి తక్షణం విడుదల చేసి ఉత్తరాది క్యాంపుకు పంపవలెను. జనవరి తొమ్మిది."

"తేదీ మళ్ళీ చదువు," అంది పసెన్సియా.

చదివాను.

"మళ్ళీ."